మడమ మీద తీపి

పిల్లవాడు పుట్టాడు, గట్టిగా ఏడ్చాడు, తను ఏడుస్తూ చుట్టూ ఉన్నవాళ్ళందర్నీ నవ్వించాడు. ఇంతవరకు అందరు పిల్లల కథా ఒకటే. బరువు తూచిన ఆయా "వీడు పిల్లాడా, పహిల్వానా" అన్నది మొదలు వార్డంతటికీ వాడు పహిల్వాన్ అయిపోయాడు. వాడి తల్లిని ఇంట్లో అందరూ చిన్నది అంటారు. కేకుల దుకాణంలో కేకుల మీద పువ్వులూ పేర్లూ దిద్దడం ఆమె పని. పుట్టిన పిల్లల వార్డులో పెద్ద సిస్టరు ఆమెకి సొంత అక్క. ఆ అక్కకి పిల్లల్లేరు. ఆరో నెలలో "నీ వాలకం చూస్తే షుగర్ వచ్చినట్టుంది, చూపించుకోవే" అని అక్క అన్న పాపానికి, తన కడుపు చూసి కుళ్ళుకుంటోందని చిన్నది మాటలు మానేసింది. చూపించుకుంటే షుగర్ ఉన్నట్టే తేలింది, దాంతో కోపం రెట్టింపయింది. మనకి చెడు చేసినవాళ్ళనైనా క్షమిస్తాం గాని, చెడు జరుగుతుందని ముందే చెప్పినవాళ్ళని క్షమించడం మన వల్ల కాదు.

తీరా నొప్పులు మొదలయ్యేసరికి దగ్గర్లో ఉన్నది అక్క పనిచేసే ఆసుపత్రే. ప్రసవం గదిలో బిడ్డని మొదట అందుకున్న చేతులూ అక్కవే. చిన్నది ఓపిక తెచ్చుకుని తల తిప్పేసరికి అక్క వాణ్ణి మెత్తటి గుడ్డతో తుడుస్తోంది, వాడు కళ్ళు విప్పి అక్క మొహంలోకి చూస్తున్నాడు. అప్పుడే పుట్టిన పిల్లలకి ఏదీ కంటికి సరిగా ఆనదంటారు. చిన్నది నమ్మలేదు. వాడు చూశాడు, తనకంటే ముందు అక్కని చూశాడు.

ఈ బాధ అర్థం కావాలంటే ఇంట్లో రెండో ఆడపిల్లగా పుట్టి ఉండాలి. చిన్నది తొడుక్కున్న గౌన్లన్నీ అక్క విడిచినవే. చదివిన పుస్తకాలన్నీ అక్క గీతలు గీసినవే. సైకిలు కూడా అక్క పడేసి సొట్టలు పెట్టాకే ఆమెకి దక్కింది. ఒకసారి వానలో తడుస్తున్న కుక్కపిల్లని ఒళ్ళో దాచి తెచ్చుకుంది. రోజూ పాలు పోసింది తను, అది తోక ఊపుకుంటూ తిరిగింది అక్క వెనకాల. అందుకని ఈ తొమ్మిది నెలలూ చిన్నదానికి ఒకటే సంబరం. జన్మలో మొదటిసారి ఒకటి కొత్తగా, ఎవరి చెయ్యీ పడకుండా, నేరుగా తన చేతికి వస్తోందని. చివరికి అది కూడా అక్క చేతి మీదుగానే వచ్చింది.

పుట్టిన కాసేపటికి వాడి మడమ మీద సన్నటి సూదితో పొడిచి, ఒక్క నెత్తుటి బొట్టు తీసి, అరచేతిలో ఇమిడే మిషనులో చూశారు. ముప్పై అయిదు వచ్చింది. నలభై అయిదు దాటాలట.

"ఇంత బొద్దుగా ఉన్నవాడికి షుగర్ తక్కువేంటి వదినా?" అన్నాడు చిన్నదాని మొగుడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి.

"బొద్దుగా ఉన్నాడనే చూశాం," అంది అక్క. "కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి ఒంట్లో చక్కెర దండిగా అందింది. దానికి తగ్గట్టు వీడి ఒళ్ళు ఇన్సులిన్ ఎక్కువ తయారుచేయడం మరిగింది. బొడ్డు కోశాక చక్కెర రావడం ఆగింది. ఇన్సులిన్ వెంటనే ఆగదుగా, ఉన్న కాస్తా ఊడ్చేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఈలోపు మరీ పడిపోకుండా కాచుకోవాలి. పడిపోయి అలాగే ఉంటే మెదడుకి దెబ్బ."

ఇంత చెబితే చిన్నదాని చెవికి ఎక్కింది ఒకటే ముక్క, తల్లి ఒంట్లో చక్కెర. అందరి ముందూ నేరం తన నెత్తిన పెట్టడానికే అక్క అంత విడమరిచి చెప్పిందనుకుంది.

అప్పుడే పహిల్వాన్ చుబుకం సన్నగా వణికింది. చిన్నది అదిరిపడింది. అక్క రెండు వేళ్ళతో ఆ చుబుకం పట్టుకుంది. వణుకు ఆగింది.

"పట్టుకుంటే ఆగిందంటే చలికో, ఆకలికో, చక్కెర తగ్గో. దానికి మందుంది," అంది అక్క. "పట్టుకున్నా ఆగకపోతేనే భయపడాలి."

తర్వాత వాడి నోరు పొడిగా తుడిచి, చక్కెర జెల్లు వేలి కొసకి కాస్త తీసుకుని, బుగ్గ లోపలివైపు నెమ్మదిగా రాసింది. పహిల్వాన్ కళ్ళు మూసుకుని ఆ వేలుని చప్పరించాడు. తల్లి రొమ్ముకి పట్టిస్తే మాత్రం రెండు గుక్కలు లాగి నిద్రపోయాడు.

"చూశావా, మా వదిన హస్తవాసి అలాంటిది," అన్నాడు మొగుడు.

చిన్నదానికి ఒళ్ళు మండిపోయింది. మొగుడు మంచివాడే గాని, ఎక్కడ ఎవర్ని మెచ్చుకోకూడదో తెలియని మంచితనం అతనిది. పైగా అక్క ఆ పిల్లవాడికి వరసకి పెద్దమ్మ. అందులో అమ్మ ఎలాగూ ఉంది, పైన పెద్ద కూడా ఉంది. ఇక తనకి మిగిలిందేమిటి?

రెండోసారి చూస్తే ముప్పై తొమ్మిది. పిల్లల డాక్టరు వచ్చి పహిల్వాన్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంకోసారి జెల్లు రాసి, పాలు పట్టించి చూద్దాం," అన్నాడు. "అప్పటికీ పెరక్కపోతే పైకి తీసుకెళ్ళి గ్లూకోజు ఎక్కించాల్సిందే."

పైన అంటే పై అంతస్తులో గాజు గోడల గది. అక్కడ పిల్లలు పెట్టెల్లో పడుకుంటారు, తల్లులు లేచి తిరగగలిగే దాకా కింది వార్డులోనే ఉంటారు. ఆ గది తాళంచెవులు అక్క నడుముకి వేలాడుతుంటాయి. పహిల్వాన్ పైకి వెళ్ళాడంటే అక్క రాజ్యంలోకి వెళ్ళినట్టే. వాడు ఆకలికి ఏడిస్తే ఎత్తుకునేది అక్క, నిద్రలో నవ్వితే చూసేది అక్క. ఇక వాడూ ఆ కుక్కపిల్ల దారే పడతాడు.

"ఈసారి నేను రాస్తాను," అంది చిన్నది.

"కుట్లు పచ్చిగా ఉన్నాయి, పడుకోవే."

"కుట్లు చేతులకి వెయ్యలేదుగా."

 అక్క సూది లేని చిన్న సిరంజిలో కొలిచి పెట్టిన జెల్లు చెల్లెలి చేతికిచ్చింది. "ముందు నోరు పొడిగా తుడువు, తడిగా ఉంటే జారిపోతుంది. ఒక్కసారే పెట్టెయ్యకు, కాస్త కాస్తగా రాయి. అయ్యాక ఈ తడిగుడ్డతో చేతులు బాగా తుడుచుకుని అప్పుడు పాలకి పట్టు."

"చక్కెర పని నాకు నేర్పుతున్నావా?" అంది చిన్నది. మాటలు మానేశాక అక్కతో ఆమె ఆడిన మొదటి వేళాకోళం ఇదే. ఆ వేళాకోళంలో వేపకాయంత చేదు ఉందనుకోండి, అది వేరే సంగతి. ప్రసవం గదిలోంచి పిలుపొస్తే అక్క వెళ్ళిపోయింది.

చిన్నది వాడి నోరు తుడిచింది, జెల్లు రాసింది. వాడి బుగ్గ లోపల ఎంత మెత్తగా ఉందంటే, ఇంతకాలం తను దిద్దిన క్రీము పువ్వులన్నీ మొరటువే అనిపించింది. పహిల్వాన్ ఆమె వేలు పట్టి చప్పరించాడు, బలంగా చప్పరించాడు. చిన్నదాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత రొమ్ము అందిస్తే కాసేపు పాలు కూడా తాగాడు. ఆ సంతోషంలో వాడి పాదాలు అందుకుని, వేళ్ళన్నీ ఒక్కొక్కటే నిమిరి, మడమలకి ముద్దులు పెట్టుకుంది.

తడిగుడ్డ మంచం అంచున అలాగే ఉంది. మరిచిపోయింది అంటే అబద్ధం కాదు. రోజంతా చక్కెర పాకంలో మెలిగే మనిషికి వేళ్ళకి జిగురు ఉన్నట్టే తెలియదు. దుకాణంలో అయితే సాయంత్రం ఇంటికి బయలుదేరేటప్పుడు ఒక్కసారి కడుక్కుంటుంది, అంతే.

అరగంట పోయాక అక్క మిషను పట్టుకుని వచ్చింది. మొగుడు కూడా వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. అక్క దుప్పటి తొలగించి వాడి మడమని దూదితో తుడిచింది, ఆరనిచ్చింది.

"పాదం నేను పట్టుకుంటాను," అంది చిన్నది.

అక్క పొడిచింది. వాడు కెవ్వుమన్నాడు. అక్క మిషను అందుకోవడానికి అటు తిరిగిన క్షణంలో చిన్నది బొట్టు బాగా ఊరాలని తన బొటనవేలితో మడమని ఒత్తింది. అక్క ఆ బొట్టుని అందుకుంది. మిషను మీద అంకె వెలిగింది. నూట ఇరవై నాలుగు.

"సెంచరీ కొట్టేశాడు," అన్నాడు మొగుడు.

అక్క నవ్వలేదు. అంకెని చూసింది, పిల్లవాణ్ణి చూసింది. "జెల్లుతో పెరుగుతుంది గాని, ఇంతలా ఎగరదు. చేతులు తుడుచుకున్నావా?"

చిన్నదాని బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఆ సంగతి ఆమెకి సరిగ్గా అప్పుడే తెలిసింది. చెయ్యి దుప్పటి కిందకి వెళ్ళిపోయింది.

"తుడుచుకున్నాను."

"ఎందుకైనా మంచిది, రెండో మడమ కూడా చూద్దాం."

"మళ్ళీ పొడుస్తావా? నా చేత్తో రాస్తే పెరిగిందని కదూ నీ బాధ? నువ్వు రాస్తే నాలుగే పెరిగింది, నేను రాస్తే సెంచరీ దాటింది. ఒక్కసారి నాది నాకు వదిలెయ్యలేవా?"

"పోనీలే వదినా, పాపం పసివాడు," అన్నాడు మొగుడు. పెళ్ళయ్యాక అక్క ఎదురుగా అతను పెళ్ళాం పక్షాన మాట్లాడటం ఇదే మొదలు. ముహూర్తం చూసుకుని మాట్లాడినట్టు మాట్లాడాడు.

 అక్క సరేనని మంచం చుట్టూ ఉన్న తెర తొలగించుకుని వెళ్ళిపోయింది. ఎదిరిస్తే అక్క వెళ్ళిపోవడం చిన్నది పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ గెలుపు ఎంత కమ్మగా ఉందో చెప్పలేం.

"అందరికీ ఫోన్ చేసి చెప్పొస్తా. మా ఆవిడ హస్తవాసి ముందు ఎవరైనా దిగదుడుపే అని," అంటూ మొగుడు వరండాలోకి పోయాడు.

చిన్నది పహిల్వాన్‌ని గుండెల మీదకి లాక్కుంది. ఇక పైకి పంపనక్కర్లేదు, ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. వాడు పడుకున్నాడు. మరీ బుద్ధిగా పడుకున్నాడు. చెంప తడితే కదల్లేదు. రొమ్ము అందిస్తే పెదాలు తెరుచుకున్నాయి గాని లాగలేదు. పాలచుక్క మూతి పక్కనుంచి కారిపోయింది. వాడి ఒళ్ళు ఇందాకటి కంటే చల్లగా తగిలింది.

అప్పుడు వాడి చెయ్యి వణికింది. చిన్నది గబుక్కున పట్టుకుంది, ఆగింది. వదిలింది, మళ్ళీ మొదలైంది.

ఆమె దుప్పటి కింద నుంచి తన చెయ్యి బయటికి తీసి చూసుకుంది. ఎవరూ చూడకుండా బొటనవేలు నోట్లో పెట్టుకుంది. తియ్యగా ఉంది. మిషను చూసింది వాడి నెత్తుటిలో చక్కెరని కాదు, తన వేలి మీద చక్కెరని. నిజం చెప్పాలంటే అక్క అడిగినప్పుడే ఆమెకి సగం తెలుసు. మిగతా సగం తెలుసుకోవడం ఇష్టం లేకపోయింది.

ఇక్కడ చిన్నది వెంటనే అక్కని పిలిచిందని రాస్తే మీరు ఆమెని మెచ్చుకుంటారు గాని, అది నిజం కాదు. కాసేపు ఆలోచించింది. పిలిస్తే తుడుచుకోలేదని ఒప్పుకోవాలి. అబద్ధం ఆడానని ఒప్పుకోవాలి. అక్క చెయ్యే గెలిచిందని మొగుడి ముందు ఒప్పుకోవాలి. బిడ్డని పైకి తీసుకుపోతారు. పోనీ ఇంకాసేపు చూస్తేనో, మళ్ళీ పాలు పట్టిస్తేనో? ఇంత పసిగుడ్డుని పక్కలో పెట్టుకుని తను అక్కతో వంతులు లెక్కేసుకుంటున్నానని తోచేసరికి ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. వాడి చెయ్యి ఆమె గుప్పిట్లో మరోసారి వణికింది.

"అక్కా," అంది.

ఆ మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే తెర పక్కకి జరిగింది. అక్క లోపలికి వచ్చింది.

"తుడుచుకోలేదే. నా వేలు తగిలింది. వాడు వణుకుతున్నాడు, పాలు లాగడం లేదు," అంటూ చిన్నది గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

అక్క ఒక్క మాట తిట్టలేదు. గోరువెచ్చని నీళ్ళల్లో ముంచిన దూదితో రెండో మడమని బాగా తుడిచి, పొడి దూదితో అద్ది, పొడిచింది. ఈసారి మొదటి బొట్టు తుడిచేసి రెండో బొట్టు తీసుకుంది. ఇరవై ఆరు.

"పైకి," అంది అక్క. గోడకున్న ఫోనులో డాక్టరుతో రెండు ముక్కలు మాట్లాడి, చక్రాల కుర్చీ మంచం దగ్గరికి లాగింది. "నువ్వూ రా. వీణ్ణి గుండెలకి ఆనించుకుని పైన దుప్పటి కప్పుకో. నీ ఒంటి వేడి కావాలి వాడికి. ఇప్పుడు నా చేతులు పనికిరావు."

అప్పుడే పరుగెత్తుకొచ్చిన మొగుడు లిఫ్టు దాకా కుర్చీ తోసి అక్కడ ఆగిపోయాడు. "ఈ లిఫ్టు సంగతి నాకు తెలుసు. నేను మెట్ల మీద వస్తా," అన్నాడు. వాళ్ళిద్దర్నీ అందులోకి ఎక్కించి మరీ అన్నాడు.

తలుపు మూసుకుంది. లిఫ్టు మూలుగుతూ కదిలింది. చిన్నదాని గుండెల మీద పహిల్వాన్ వెచ్చబడలేదు గాని ఊపిరి ఆడుతోంది. ఆ ఊపిరినే వింటూ కూర్చున్న చిన్నదానికి ఒక సంగతి తట్టింది. తను పిలిచేసరికి అక్క చేతిలో దూది తడిపే ఉంది. మిషనులో నెత్తుటి బొట్టు అద్దే కొత్త స్ట్రిప్పు పెట్టే ఉంది. ప్రసవం గదిలోంచి పరుగెత్తుకొచ్చిన మనిషి కాదు. తెర అవతల నిలబడి ఉన్న మనిషి.

"నీకు ముందే తెలుసు," అంది.

అక్క తలుపు మీద వెలుగుతున్న అంతస్తు అంకెనే చూస్తోంది. "తెలుసు."

"మరెందుకాగావు? నేను వద్దంటే ఊరుకుంటావా? ఎప్పుడైనా నా మాట విన్నావా నువ్వు?"

"నువ్వే పిలుస్తావేమోనని చూశాను." అంకె మీంచి చూపు తిప్పకుండానే, "అది కూడా పూర్తి నిజం కాదులే," అంది. "వాడు నీ వేలు చప్పరిస్తుంటే, ప్రసవం గదికి పోతూ పోతూ తెర సందులోంచి చూశానే. నా వేలు కంటే గట్టిగా చప్పరించాడు. తర్వాత ఆ నూట ఇరవై నాలుగు రాగానే నాకు ముందు వచ్చింది అనుమానం కాదు, కుళ్ళు. ఇక వాడు పైకి రాడు, నాతో పని లేదు అనిపించింది. ఆ అంకె తప్పయితే బాగుండు అనుకున్నాను. పసివాడికి షుగర్ తక్కువ ఉండాలని కోరుకున్నాను, నేను. కోరుకున్నాక, నాది నిజంగా అనుమానమో, కడుపుమంటో నాకే తేలలేదు. మళ్ళీ పొడవడానికి చెయ్యి రాలేదు. తెర బయట దూది పట్టుకుని నిలబడిపోయాను."

 చిన్నదానికి కోపం వచ్చింది, అది న్యాయమైన కోపం. కానీ దాని అడుగున ఇంకేదో కదిలింది. ఇన్నేళ్ళూ ఈ ఓర్వలేనితనం ఒక్కటైనా తన సొంతం అనుకుంది. అది కూడా అక్క తొడుక్కుని విడిచిందేనా?

లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకునేసరికి గాజు గది ముందు డాక్టరు నిలబడి ఉన్నాడు. లోపల వెచ్చటి దీపం కింద చిన్న పరుపు సిద్ధంగా ఉంది. వేలాడదీసిన గ్లూకోజు సీసా కనిపిస్తోంది.

"ఆలస్యం చెయ్యొద్దు," అన్నాడు. "ఇంత బొద్దు చేతుల్లో నరం దొరకడం కష్టం, రెండోసారి పొడిచే తీరిక కూడా లేదు. సూది మీరే వెయ్యండి సిస్టర్. ఈ ఆసుపత్రిలో ఆ పనికి మీ చెయ్యి తర్వాతే ఎవరిదైనా."

పొద్దుటి నుంచి చిన్నదాన్ని దహించిన మాట అది. ఇప్పుడు వింటుంటే ఆ చేతిలో హస్తవాసి నిజంగా ఉంటే బాగుండునని ఆమె ప్రాణమంతా కోరుకుంది. దుప్పటి తొలగించి, బిడ్డని గుండెల నుంచి విడదీసి, తనంతట తనే అక్క వైపు చాచింది.

అక్క చేతులు ముందుకొచ్చాయి. ఆ చేతులు వణుకుతున్నాయి.

డాక్టరు చూడలేదు, అప్పటికే లోపలికి తిరిగాడు. చిన్నది చూసింది. బిడ్డని ఒక చేత్తో పొదివి పట్టుకుని, రెండో చేత్తో అక్క మణికట్టు గట్టిగా పట్టుకుంది.

వణుకు ఆగలేదు.